బంగారు గోరు కింద కాకిపాదం

రవ్వలు పొదిగే పనిలో ముందుగా నేర్చుకోవలసింది ఏమిటని ఈ మధ్య మార్కాపురంలో ఒక కుర్రవాడు నన్ను అడిగాడు. భయపడటం అన్నాను. పకపకా నవ్వాడు. వాడికి ఈ పని రాదు, రాసిపెట్టుకోండి.

నలభై ఏళ్లు ఈ పని చేశాను. రెండేళ్ల కిందట మానేశాను. నలభై ఏళ్లూ భయంతోనే చేశాను. బంగారంతో భయం లేదు. చెడితే కరిగిస్తాం, మళ్లీ చేస్తాం, మహా అయితే ఒక పూట పోతుంది. రవ్వతో అట్లా కుదరదు. లోకంలో అన్నిటికంటే గట్టిదని బడిలో చదువుకుని వస్తారు మీరు. ఆ గట్టిదే, ఉలి వెంట్రుక వాసి పక్కకు జారితే అంచు దగ్గర పటుక్కున చిట్లుతుంది. ఆ చప్పుడు పెద్దగా ఉండదు. మీకొక్కరికే వినబడుతుంది. ఆ తర్వాత తల ఎత్తి, ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడాలి. అప్పుడు తెలుస్తుంది ఈ పని ఏమిటో.

పలక

నాకు పని నేర్పింది మా మేనమామ. ఆయన బల్ల మీద ఎప్పుడూ ఒక నల్ల పలక ఉండేది. మార్కాపురం వాళ్లం, పలకలకు కొదవేముంది? దాన్ని తడిపి రాయిని దాని మీద పెట్టి చూసేవాడు. తడి నలుపు మీద రవ్వ ఏదీ దాచుకోలేదు. పసుపు ఛాయ ఉన్నా, లోపల మరక ఉన్నా బయటపడుతుంది.

పాత నగ విప్పేటప్పుడు ఆ పలక మీదే బలపంతో నగ బొమ్మ గీసేవాడు. ఏడు రాళ్ల కమ్మ అయితే ఏడు సున్నాలు. ఏ గుంటలో నుంచి తీసిన రాయిని ఆ సున్నాలోనే పెట్టాలి. నగ తెచ్చినవాళ్లు పని అయిందాకా ఎదురుగా కూర్చోవాలి. వాళ్లు నీళ్లు తాగడానికి లేచినా ఆయన చేతులు వెనక్కి తీసేసుకునేవాడు. ఒకసారి ఒక ఆడమనిషి, నమ్మకం ఉందిలే ఆచారీ, నేను సంతకు పోయి వస్తానంది. ఆయన నగ తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు. నీకు నమ్మకం ఉంటే చాలదమ్మా, నాకు ధైర్యం ఉండొద్దా అన్నాడు.

ఒకరోజు నా చేతిలోంచి ఆవగింజంత రవ్వ ఎగిరిపోయింది. మామ లేచి తలుపు గడియ పెట్టాడు. గది ఊడ్చాం, దుమ్ము జల్లెడ పట్టాం. చివరికి అది నా పంచె మడతలోనే దొరికింది. కానీ అది దొరకని ఆ కాసేపూ మామ నన్ను చూసిన చూపు ఉంది చూశారూ, సొంత మేనల్లుడిని, ఆ చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. రాయి కనబడకపోతే మొదట పోయేది మనిషి. ఇది మనసులో పెట్టుకోండి.

మూడు రోజులు

పూర్వం కృష్ణ ఒడ్డున దొరికిన రవ్వలే దేశదేశాల రాజుల తలల మీదికి ఎక్కాయంటారు. ఇప్పటికీ తొలకరి పడగానే నల్లమల అంచు వాగుల్లో నడుము వంచి వెతికే జనం ఉన్నారు. లాడ్జీల్లో దిగి వాళ్ల కోసం కాచుకునే వ్యాపారులూ ఉన్నారు. అక్కడ దొరికినది ఇక్కడ నిలవదు. సానకు సూరత్ పోతుంది. అక్కడినుంచి ఏ రాయో ఒకటి కాగితం పొట్లంలో మన దుకాణానికి వస్తుంది. అది ఏ వాగుదో, ఏ దేశానిదో ఎవరికీ తెలియదు.

మన పడమటి వైపు మనిషికి ఆస్తి అంటే గొర్రెలు, ఆ తర్వాత బంగారం. రవ్వ ఆస్తి కాదు. బ్యాంకుకు నగ తీసుకుపోతే రాయి బరువు తీసేసి మిగతాదే చూస్తారు. మరి ఎందుకు కొంటారంటే, ముక్కు మీద పెట్టుకుని నలుగురిలోకి పోవడానికి. జీవితంలో ఒక్కసారి, ఒక్క రాయి. దానికోసం పదేళ్లు కలగంటారు, కొనే రోజు వచ్చేసరికి వణికిపోతారు. రవ్వ అందరికీ పడదని వాళ్ల నమ్మకం. పడితే ఇల్లు నిండుతుంది, పడకపోతే ఇల్లు కూలుతుంది.

అందుకే మూడు రోజులు పట్టి చూస్తారు. రాయిని పసుపు గుడ్డలో మూటగట్టి ఇంట్లో పెట్టుకుంటారు. ఆ మూడు రోజుల్లో పిల్లకు జ్వరం వచ్చినా, గేదె తన్నినా, చెడ్డ కల వచ్చినా నాలుగోరోజు పొద్దున్నే తెచ్చి పడేస్తారు. ఏమీ కాకపోతే రాయి పడినట్టే. ఇంక దాన్ని ఎవరూ అనుమానించరు.

అన్ని దోషాల్లోకీ కాకిపాదానికి ఎక్కువ భయపడతారు. రాయి లోపల మూడు సన్నని గీతలు ఒక చోట కలిసి కాకి అడుగులా ఉంటాయి. అది ఉన్న రవ్వ పెట్టుకున్న ఇల్లు నిలవదని మన తాతల నాటి మాట. అది భూమి లోపల రాయి పుట్టినప్పుడే పడిన పగులని నేను చెప్తాను. పగులుకు ఇళ్లు కూల్చే పని లేదు. ఇంత తెలిసినవాడిని, మరి నేనేం చేశానో వినండి.

గోరు కింద

ఇరవై రెండేళ్ల కిందటి మాట. అప్పుడు నేను గిద్దలూరులో ఒక షావుకారు దుకాణంలో పనిచేసేవాడిని. రాచర్ల దగ్గరి పల్లె నుంచి ఓబులమ్మ అనే ఆమె భర్తతో వచ్చింది. పెద్ద గొర్రెల మంద ఉన్న ఇల్లు. నెలలో చిన్నకొడుకు పెళ్లి. కోడలు ఇంట్లో అడుగుపెట్టే నాటికి తన ముక్కుకు రవ్వ ఉండాలని ఆమె కోరిక. యాభై దాటిన మనిషి, ఆ మాట చెప్తూ సిగ్గుపడింది.

షావుకారు ఒక రాయి తీసి నాకిచ్చాడు. పలక మీద పెట్టి భూతద్దంలో చూస్తే అంచు దగ్గర కాకిపాదం. లోపలి గదిలోకి పోయి ఆయనకు చెప్పాను.

“తెలుసు. గోరు కింద పెట్టు,” అన్నాడు.

గోరు అంటే రాయిని పట్టి ఉంచే బంగారు కొస. ఒంటిరాయి ముక్కుపుడకకు అట్లాంటివి నాలుగు ఉంటాయి. రాయిని కొంచెం తిప్పి కూర్చోబెడితే దోషం గోరు కిందికి పోతుంది. భూతద్దం పెట్టినా పైనుంచి కనబడదు. షావుకారు చెడ్డవాడు కాదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడగకుండానే ఆదుకున్నాడు. ఆయన మాట కాదంటే నాకు ఇంకో బల్ల లేదు. అయినా ఇదంతా వట్టి మూఢనమ్మకమే కదా, ఆమెకు పోయేదేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తప్పు చేసేటప్పుడు మనిషికి తెలివి బాగా పనిచేస్తుంది.

తిప్పి పొదిగాను. నా చేత్తో చేసినవాటిలో అంత చక్కగా కుదిరిన ముక్కుపుడక ఇంకోటి లేదు. ఓబులమ్మ మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని చూసింది. ఏమీ కాలేదు. నాలుగోరోజు నవ్వుకుంటూ వచ్చి పెట్టించుకుని పోయింది.

త్రిపురాంతకం నుంచి వచ్చిన తండ్రి

ఆ వానాకాలం దాటాక ఒక పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. త్రిపురాంతకం వైపు పల్లె. కూతురి గాజులూ కమ్మలూ గుడ్డలో కట్టుకొచ్చాడు. ఇవి తాను పెట్టినవో అత్తగారింటివో తగువు వచ్చింది, తీరు చూసి చెప్పమన్నాడు. ఎందుకని అడిగాను. శుక్రవారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు, ఎవరివి వాళ్లకు పంచి పెళ్లి తెగ్గొట్టేస్తారన్నాడు.

ఏ ఊరు ఇచ్చావని అడిగితే ఓబులమ్మ ఊరు చెప్పాడు, ఆ ఇంటిపేరే చెప్పాడు. నా చేతిలోని గాజు బల్ల మీద పెట్టేశాను.

ఆయన చెప్పింది ఇది. కూతురు శివలక్ష్మి కాపురానికి పోయిన రెండు నెలల్లో మందకు నీలినాలుక రోగం తగిలి సగానికి సగం గొర్రెలు పోయాయి. ఆ ఏడు ఆ చుట్టుపక్కల మందలన్నిటికీ తగిలింది, పశువుల డాక్టరూ అదే చెప్పాడు. ఎవరు వింటారు? ఆ వెనకే అల్లుడు ఎక్కిన ఆటో బోల్తా పడి కాలు విరిగింది. పిల్ల అడుగు మంచిది కాదన్నారు. పుట్టింటికి పంపేసి మూడు నెలలైంది. ఆ పిల్ల ఇప్పుడు తిండి మానేసి గోడకు తిరిగి పడుకుంటుంది. నిన్న బావి దగ్గర ఒక్కతే కూర్చుని ఉంటే తల్లి చూసి లాక్కొచ్చిందట.

“ఆ నెలలో ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చినవి రెండే ఆచారీ,” అన్నాడాయన. “ఒకటి వియ్యపురాలి రవ్వ, ఒకటి నా బిడ్డ. రెండిట్లో ఏదో ఒకటి చెడ్డదన్నారు. రవ్వను మూడు దినాలు పట్టి చూసినారంట, దాంట్లో ఏ దోషమూ లేదంట. ఇంక మిగిలింది నా బిడ్డేగా.”

గాజులు పుట్టింటివే అని మాత్రం చెప్పి పంపేశాను.

ఆ రోజు సోమవారం. మంగళవారం పనిలో కూర్చున్నాను, చేతులు కదల్లేదు. నేను నోరు విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. షావుకారు గెంటేస్తాడు. దోషం దాచి పొదిగినవాడని తెలిస్తే గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా నా చేతికి ఆవగింజంత రాయి కూడా ఎవరూ ఇవ్వరు. ఓబులమ్మ మనుషులు ఎముకలు విరగ్గొట్టినా అడిగేవాడు ఉండడు. ఇద్దరు చిన్నపిల్లలున్న ఇల్లు నాది. నోరు విప్పకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ బావే పదేపదే గుర్తుకొచ్చేది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దోషం ఉంటే కీడు జరుగుతుందని నేను నమ్మను. ఇప్పుడు నేను పోయి దోషం ఉందని చెప్తే, అదుగో అందుకే గొర్రెలు చచ్చాయంటారు. నా నిజం వాళ్ల అబద్ధానికి బలం. అయినా ఆ పిల్ల మెడ మీదినుంచి కత్తి తీయడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే. బుధవారం అంతా ఇదే ఆలోచించాను. ఆలోచన అని పేరే గానీ అది భయమే.

ఓబులమ్మ

గురువారం మధ్యాహ్నం రాచర్ల ఆటో ఎక్కాను. సంచిలో పలక పెట్టుకున్నాను. గోరు కింది గీతలు పైనుంచి కనబడవు, బొమ్మ గీసి చూపించాలి గదా అని. దారిలో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను.

ఓబులమ్మ దొడ్లో ఒక్కతే ఉంది. తల్లి చచ్చిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. ముక్కు మీద రవ్వ ఎండకు తళుక్కుమంటోంది. నన్ను చూసి ఏంది ఆచారీ ఇంత దూరం వచ్చినావు అంది. నిలబడే చెప్పేశాను. రాయిలో కాకిపాదం ఉందనీ, నేనే గోరు కింద దాచాననీ, ఆ పిల్ల తప్పేమీ లేదనీ. చెప్పి దెబ్బ కోసం చూస్తున్నాను.

ఆమె పాలసీసా తీయలేదు. గొర్రెపిల్ల తాగడం అయిందాకా పట్టింది. తర్వాత మెల్లగా అంది.

“నాకు తెలుసు.”

నాకు అర్థం కాలేదు.

“గొర్రెను కొనాలంటే ముందు నుంచీ చూస్తాం, యనక నుంచీ చూస్తాం. ముక్కుపుడకను గూడా తిప్పి ఎండకు పెట్టి చూసినా. మూడో దినం చూసినా. మూడు గీతలు కనబడినాయి. తిరిగి ఇచ్చేద్దామనే అనుకున్నా. మనసు ఒప్పలేదు ఆచారీ. నా బతుక్కి ఒక్క రాయి. పెట్టుకున్నా.”

గొర్రెలు ఒక్కొక్కటీ పడిపోతుంటే ఆమె లోపల ఏం జరిగిందో అప్పుడు చూశాను. ఇల్లు కూల్చింది తనేనని నమ్మిన మనిషి ఆరు నెలలుగా ఆ రాయిని ముఖం మీదే మోస్తోంది. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారని భయం. ఉంచుకుంటే ఇంకేం జరుగుతుందోనని భయం.

మరి కోడలి మీద ఎందుకు తోశావక్కా అన్నాను. నాకు తెలియకుండానే గొంతు పెరిగింది.

“నేను చూసీ పెట్టుకున్నానంటే నన్ను ఏడికి పంపుతారు?” అంది. “దానికి పుట్టిల్లు ఉంది. అమ్మా నాయనా ఉన్నారు. నాకు ఎవురున్నారు?”

తిట్టడానికే వచ్చినట్టు నోరు లేచిన నేనూ ఆమె చేసిన పనే చేశాను గదా. ఒకే మూడు గీతలు, ఆమె వెనకనుంచి చూసి దాచింది, నేను ముందునుంచి చూసి దాచాను. మధ్యలో చస్తున్నది ఆ పిల్ల.

రేపు నేను చెప్తాను, దాచింది నేనేనని మాత్రమే చెప్తాను, నువ్వు చూశావన్న మాట నా నోట రాదు, నువ్వు మాత్రం కోడలిని తెచ్చుకోవాలి అన్నాను. ఆమె తల ఊపింది. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

శుక్రవారం

పెద్దమనుషుల ముందు పలక మీద బలపంతో గీశాను. గుండ్రంగా రాయి, నాలుగు గోళ్లు, ఒక గోరు కింద మూడు గీతలు. ఓబులమ్మ మరిది లేచి నా చొక్కా పట్టుకున్నాడు. రెండు దెబ్బలు పడ్డాయి, ఇంకా పడేవే. ఓబులమ్మ అడ్డం వచ్చి, చెప్పడానికి వచ్చినోడిని కొడితే రేపటినుంచి చెప్పేటోడు ఎవుడు అంది. ముక్కుపుడక తీసి నా చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమే శివలక్ష్మిని తీసుకురావడానికి ఆమే బయల్దేరింది.

షావుకారు పెద్దగా అరవలేదు.

“నువ్వు నిజం చెప్పినావు, సరే. నాకు ముందు చెప్పి ఉండాల్సింది,” అన్నాడు. ఓబులమ్మ ఇచ్చిన పైకం తిరిగి పంపించాడు. నేను తెచ్చిచ్చిన ముక్కుపుడక బంగారం ఉంచుకుని, దీన్ని నా కంటికి కనబడకుండా తీసుకుపో అని రాయి నా మీదికే విసిరాడు, అదే నా ఆఖరి జీతం. నేను మార్కాపురం వచ్చి చిన్న బల్ల వేసుకున్నాను. మూడేళ్లు రవ్వ ముట్టలేదు, ఎవరూ ఇవ్వలేదు. వెండి మెట్టెలు అతుకుతూ బతికాను. పిల్లలకు చెప్పే మాట ఏమిటంటే, యజమాని చెప్పాడని చేసిన పని కూడా మన చెయ్యి చేసిన పనే.

ఆ రాయి నా దగ్గరే ఉండిపోయింది. నమ్మకం లేదని ఇంత గొంతు చేసుకుని చెప్తున్నాను గదా. నా భార్య ఒకసారి నాకు పెట్టవచ్చు గదా అని అడిగింది. వద్దన్నాను. రేకు డబ్బాలో పెట్టి, డబ్బాను ఇంట్లో కాకుండా పని బల్ల కింద ఉంచాను. నా నమ్మకం లేకపోవడం అంతవరకే.

ఆఖరి పని

రెండేళ్ల కిందట బల్ల ఎత్తేస్తున్న వారంలో ఒకామె వచ్చింది. ముప్పై తొమ్మిది, నలభై ఉంటాయి. నేను శివలక్ష్మిని అంది. ఓబులమ్మ పోయి నెల దాటిందట.

“అత్త పోయేముందు చెప్పింది పెద్నాయనా. తను చూసిందంట గదా. నువ్వు ఎవురికీ చెప్పలేదంట.”

కోపం రాలేదా అమ్మా అన్నాను.

“వచ్చింది. ఒక దినం అన్నం పెట్టలేదు. మళ్లీ నేనే పెట్టినా. ఆమెకు పోయేదానికి చోటు లేకపాయె,” అంది. తర్వాత చెయ్యి చాపింది. “ఆ రాయి ఉందా?”

ఎందుకని అడిగాను.

“నన్నూ దాన్నీ ఒకే తక్కెట్లో పెట్టి తూచినారు. అది నాకే చెందుతాది. ముక్కుపుడక చెయ్యి. గీతలు గోరు కింద పెట్టొద్దు. పైకే పెట్టు. చూసేటోళ్లు చూడనీ.”

వద్దని ఎంతో చెప్పాను. వినలేదు, కదల్లేదు. ఎదురుగా కూర్చుంది. పలక తడిపాను, రాయి పెట్టాను. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ మూడు గీతలు అట్లాగే ఉన్నాయి. లక్కలో బిగించి పనిలోకి దిగాను. గీతలు పైకి వచ్చేట్టు కూర్చోబెట్టి గోళ్లు వంచాను. ఆమె అద్దంలో చూసుకుని పెట్టుకుని పోయింది.

ఆ మూడు రోజులు నేను పట్టి చూశాను. ఫోను మోగితే గుండె జారిపోయేది. రాచర్ల వైపు ఎక్కడ ఆటో బోల్తా పడిందన్నా ఎవరెవరున్నారని ఆరా తీశాను. అన్నం సయించలేదు. ఏమీ కాదని తెలిసినవాడిని, ఏమన్నా అవుతుందేమోనని చచ్చాను. నాలుగోరోజు పొద్దున ఆగలేక నేనే ఫోను చేశాను. అందరూ బాగున్నారా అమ్మా అన్నాను.

ఆమె నవ్వింది.

“రాత్రి మా గొర్రె రెండు పిల్లల్ని ఈనింది పెద్నాయనా. ఇది గూడా రాయి చేసిందేనంటావా?”

ఫోను పెట్టేసి, అన్నం పెట్టమని నా భార్యను అడిగాను.